తనే వేసిన గోధుమ గింజ

గింజ వేసింది తనే. ఇందుకు ఎవరినీ అనడానికి లేదు. మొగుడు ఓషేర్ మంగలి షాపులో ఉన్నాడు, కొడుకు రఫాయెల్ మిల్లుకి పోయాడు, కోడలు జేన్యా లోపల గదిలో కోట్ల జేబులు తిరగేసి రొట్టె తుంపులు దులుపుతోంది. ముంగిట్లో తప్చాన్ మీద, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చునేంత వెడల్పున్న ఆ చెక్క అరుగు మీద, తెల్ల దుప్పటి పరుచుకుని, దాని మధ్య పండగ బియ్యం పోసుకుని బులోర్ ఒక్కతే ఉంది. మూడోసారి ఏరడం అప్పుడే ముగిసింది. అమ్మయ్య అనుకోవలసిన చోట చిన్న పురుగొకటి తొలిచింది, అసలు నాకు కనబడుతోందా అని. ఆ పురుగుని అక్కడే నలిపేసి బియ్యం మూట కట్టేసి ఉంటే ఈపాటికి నడుం వాల్చేది. పక్కన సాసరులో, మొదటిసారి ఏరినప్పుడు దొరికిన చెత్త ఉంది. ఒక గోధుమ గింజ, కాసిని బార్లీ గింజలు, గడ్డిపోచ, మట్టిబెడ్డ. ఆ గోధుమ గింజని రెండు వేళ్ళతో తీసి, ఏరిన కుప్పలో వేసి, రెండు చేతులా కలిపేసి, దుప్పటంతా పలచగా పరిచి, ఏదీ, ఇప్పుడు వెతుకు చూద్దాం అనుకుంది తనతో తనే, పంతులమ్మ వెనకబెంచీ పిల్లని నిలబెట్టి అడిగినట్టు. దొరికితే కళ్ళున్నట్టు. దొరకలేదు.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు సగంలో ఎక్కడో ఆగిపోయింది. శుభ్రంగా ఏరిన బియ్యంలో కోరి కోరి గోధుమ గింజ కలిపిన ఆడది ఈ బుఖారా ఊళ్ళో, ఈ యూదుల వాడలో ఇంకెవరైనా ఉందా? రేపు పొద్దుగుంకేసరికి పేసహ్ పండగ వచ్చేస్తుంది. వచ్చాక ఎనిమిది రోజులు గోధుమా, దాని చుట్టాలూ ఇంట్లో ఉండటానికి లేదు, పులియని రొట్టెగా మారి వస్తే తప్ప. ఆ ఒక్క గింజ అన్నంలో పడి నీళ్ళు తాగి ఉబ్బిందంటే అన్నం పోయినట్టే, అన్నం వండిన రాగి గుండిగ పోయినట్టే, వడ్డించిన పళ్ళాలు పోయినట్టే, ఇక తిన్న మనుషులంటారా, గుండిగనైతే కాల్చి కళాయి వేయించి మళ్ళీ వాడుకోవచ్చు, మనుషులకి కళాయి వేసేవాడు ఎక్కడ దొరుకుతాడు. పండగ రెండో రోజు మధ్యాహ్నం ఓషేర్ వైపు చుట్టాలంతా ఈ ఇంటికే వస్తారు. చంకన పిల్లలతో, చేతికర్రలతో, కొత్త కోడళ్ళతో. వేరే ఎవరింట్లోనూ పేసహ్ అన్నం తినని మడిమనుషులు కూడా ఇక్కడ తింటారు. ఎందుకంటే బియ్యం బులోర్ ఏరింది. అంతే. ఆ మాట ఒక్కటీ చాలు వాళ్ళకి. అందంలోనూ కాదు, పాటలోనూ కాదు, చదువులోనూ కాదు, ఇన్నేళ్ళ కాపరంలో తనకంటూ వచ్చిన పేరు ఏదన్నా ఉంటే ఇదొక్కటే, బులోర్ కన్ను పడ్డ బియ్యంలో గోధుమ ఉండదు.

ఆ కంటికి, ఎడమదానికి, పాల మీద మీగడ కట్టినట్టు ఏదో కట్టి రెండేళ్ళయింది. ఎవరితోనూ అనలేదు. అంటే ఆస్పత్రి, ఆస్పత్రంటే వరసలో కూచోవడం, వరసంటే పక్కవాళ్ళ జబ్బుల కథలు. కుడి కన్ను కూడా దానికి తోడు పోవాలని చూస్తున్నట్టుంది, ఈమధ్య ఎదురింటి సలోమత్ చెయ్యి ఊపితే అది సలోమత్తో, ఆరేసిన గౌనో తేలడానికి కాస్త టైం పడుతోంది. అయినా కన్ను పోతే వేలుందిలే అనుకుంది. గోధుమ గింజ పొట్ట మీద నిలువునా ఒక గాడి ఉంటుంది, గోటితో నొక్కినట్టు. బియ్యపు గింజకి ఉండదు. కంటికి ఆననిది వేలికి ఆనుతుంది. అలా రెండు పండగలు వేలితోనే నెట్టుకొచ్చింది, పైకి మాత్రం కళ్ళు చిట్లించి, మెడ వంచి, చూస్తున్నదాన్ని చూస్తున్నట్టే కనబడుతూ. ఈ ఏడు ఆ వేలు కూడా మొండికేసింది. ఎందుకు వెయ్యదు? గోడలకి సున్నం కొట్టింది ఆ వేళ్ళే, బూడిదేసి రాగి పాత్రలు తోమింది ఆ వేళ్ళే, గుండిగ మైల పోవాలని నిప్పుల్లో ఎర్రగా కాల్చిన గులకరాయిని అందులో కాగే నీళ్ళలో వేస్తే పొంగి పొర్లిన నీళ్ళు పడ్డది ఆ వేళ్ళ మీదే. సున్నం తిని తిని వేలికొసలు చెప్పు అట్టలా తయారయ్యాయి. గాడి లేదు, నునుపు లేదు, ఏది ముట్టుకున్నా ఒకటే. పండగ కోసం చేసిన శుభ్రమే పండగ బియ్యం నోట్లో మట్టి కొట్టింది. ఎవరితో చెప్పుకుంటుంది, దేవుడితోనా? ఆయన పులిసిన పిండి తీసెయ్యమన్నాడు, అంతవరకే. సున్నం సంగతి ఆయన ఎత్తలేదు. అది అత్తగారు చేర్చింది.

గాలి వీచింది. ఆప్రికాట్ చెట్టు నుంచి పూరేకులు రాలి దుప్పటి మీద పడ్డాయి, తెల్లగా, సన్నగా, అచ్చం పలచటి బియ్యపు గింజల్లా. ఇదొకటి తక్కువైంది. ఒక్కో రేకునీ తీసి పక్కన పెట్టబోతే అది వేలికి అంటుకుని వస్తోంది, దాంతోపాటు ఓ గింజా వస్తోంది, ఆ గింజ గోధుమేమోనని ఆశగా వేళ్ళ మధ్య నలుపుతుంది, కాదు. ఇంత ఆశగా ఎప్పుడైనా గోధుమ గింజ కోసం చూసిందా జన్మలో? ఏటా ఈ దుప్పటి ముందు కూచుని కనబడకుండా ఉంటే బాగుండునని వెతికింది, ఇవాళ కనబడితే బాగుండునని వెతుకుతోంది. అత్తగారు బహ్మల్ ఉండుంటే ఏమనేది? ఏమీ అనేది కాదు, బియ్యం ఏరేటప్పుడు మాట్లాడకూడదు, మాట్లాడితే తుంపర పడుతుంది, తుంపర పడితే గింజ తడుస్తుంది. ఆవిడ బియ్యం ముందు కూచుంటే ఇంట్లో తుమ్ములు కూడా వీధిలోకి పోయి తుమ్మేవారు. టీ కప్పు తప్చాన్ దరిదాపులకి రాకూడదు. తలంటుకున్న జుట్టు ఆరకుండా ఇటు రాకూడదు. ఏడుపొస్తే లేచి పోయి ఏడ్చి మొహం తుడుచుకుని రావాలి. కొత్త కోడలిగా వచ్చిన మొదటి పేసహ్‌కి బులోర్‌కి ఏడుపొచ్చింది, పుట్టింట్లో తమ్ముడికి జబ్బుగా ఉందని కబురొచ్చి. అత్తగారు ముందు దుప్పటి అంచు వెనక్కి లాగేసి, ఆనక భుజం మీద చెయ్యి వేసింది. ఆ వరసలోనే. అందులో ఆవిడ తప్పేమీ లేదు. కన్నీటికి గోధుమ, బియ్యం తేడా తెలీదు కదా.

మళ్ళీ ఈ మూల నుంచి మొదలు పెట్టింది. ఒక్కో గింజా చూపుడు వేలితో ఇటు నుంచి అటు నెట్టడం, నెట్టినవి అటు కుప్పపోయడం. నడుం మధ్యలో ఎవరో మేకు దిగ్గొట్టి మరిచిపోయినట్టుంది. ఇలా తనే పెట్టి తనే వెతుక్కోవడం ఈ జాతికి కొత్తేమీ కాదు. ఇవాళ రాత్రి చెయ్యబోయేదీ అదేగా. ఇల్లంతా కడిగి, తుడిచి, సున్నం కొట్టి, రొట్టె ముక్కన్నది కలికానికి కూడా లేకుండా చేశాక, ఇంటి ఇల్లాలే రొట్టె తుంపులు మూలమూలా దాస్తుంది, ఇంటాయన కొవ్వొత్తి పట్టుకుని వాటిని వెతుకుతాడు. వెతుకులాట వృథా పోకూడదని. ఓషేర్‌కి ఇదంటే మహా సరదా, కత్తెర పట్టే చేత్తో కొవ్వొత్తి పట్టుకుని దొంగలా నడుస్తాడు. ఒకేడు ఒక ముక్క దొరకలేదు. ఎక్కడ దాచానో నాకు గుర్తుంటే దాచడం ఎందుకు అని తను, దాచిన మనిషికి ఆ మాత్రం గుర్తుండదా అని ఆయన. కడిగిన ఇల్లు మళ్ళీ కడిగారు, అలమారాలు జరిపారు, పరుపులు విప్పారు. తెల్లారి చూస్తే పెరట్లో పిల్లి మూతి నాకుతోంది. పిల్లి తినేసిందని ఎవరికి తోస్తే వాళ్ళు ప్రమాణం చేశారు, పిల్లిని మాత్రం ఎవరూ అడగలేదు. ఇవాళ ఆ పిల్లి కూడా లేదు. ఈ గింజని ఎవరూ తినలేదు. ఇది ఇక్కడే ఉంది, ఈ దుప్పటి మీదే, తన వేలు దాన్ని నాలుగుసార్లు నెట్టి కూడా ఉండొచ్చు, ఇది బియ్యమే అనుకుని అటు పంపేసి ఉండొచ్చు, అది లోపల్లోపల నవ్వుకుంటూ పోయి ఉండొచ్చు.

ఈ బియ్యం పారబోసి వేరే బియ్యం తెద్దామా? తెచ్చినా ఏరాలి కదా, ఏరేది ఈ కళ్ళే కదా. బజార్లో బియ్యం ఏ గోనెలో పోస్తాడో వాడికే తెలీదు, నిన్న గోధుమలున్న గోనె, మొన్న గుర్రానికి బార్లీ పోసిన గోనె. పోనీ ఈ ఏడు అన్నం లేదని చెప్పేస్తే? ఎందుకు లేదు అని అడుగుతారు. ఓషేర్ అక్కగారు మజోల్ అందరికన్నా ముందు అడుగుతుంది. ఆవిడ అడగడం అందరూ అడిగినట్టు ఉండదు, దర్జీ మనిషి కొలత తీసుకున్నట్టు ఉంటుంది. పండగ భోజనానికి వచ్చి ముందు పళ్ళెం వంక చూస్తుంది, తర్వాత బులోర్ వంక చూస్తుంది, ఆ తర్వాతే చెయ్యి పెడుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆ చూపుకి బులోర్ చెమట్లు పట్టి తడిసిపోయేది. తర్వాత తర్వాత ఆ చూపే ఒక బిరుదులా అనిపించింది, మజోల్ చూసి, తిని, ఇంకోసారి వడ్డించుకుందంటే ఆ బియ్యానికి ఇంక తిరుగు లేదు. సాయంత్రం లోపల వస్తుంది ఆవిడ. ఏటా ఈ రోజు వచ్చి, ఏరడం అయిందా అని అడిగి పోవడం ఆవిడకి అలవాటు. అయింది అని చెప్పడం తనకి అలవాటు. ఒక్క మాట. ఇన్నేళ్ళు నిజమైన మాట. నోరు ఎప్పుడూ అదే మాట అంటుంది కాబట్టి ఇవాళ కూడా దానంతట అదే అనేస్తుందేమో, తను ఊరుకుంటే.

లోపల జేన్యా కూనిరాగం తీస్తోంది, రేడియోలో వచ్చేదేదో. ఈ పిల్లది ఈ ఊరు కాదు. జర్మన్లతో యుద్ధంలో బాంబులకి జడిసి ఉక్రెయిన్ నుంచి రైలెక్కి తాష్కెంటులో దిగి, ఇంక ఎక్కడికీ పోకుండా ఉండిపోయిన యూదుల ఇంటి పిల్ల. వాళ్ళూ యూదులే, వీళ్ళూ యూదులే, దేవుడొక్కడే, వంటిళ్ళే వేరు. బాల్వాడీలో పంతులమ్మ. ముక్కుల్లో బఠాణీలు దూర్చుకునే పిల్లలతో వేగే ఉద్యోగం. వాళ్ళింట్లో ప్రార్థన పోయింది, శనివారం పోయింది, మాంసం గిన్నె, పాల గిన్నె ఒకటైపోయాయి, సాసేజిలో ఏ జంతువుందో అడగడం మానేసి చాలా ఏళ్ళయింది. అన్నీ పోగా మిగిలింది ఒకే ఒక్క నియమం. పేసహ్‌లో బియ్యం తినకూడదు. బఠాణీ, చిక్కుడు గింజా తినకూడదు. వీళ్ళు వెయ్యేళ్ళుగా కళ్ళలో వత్తులేసుకుని ఏరి ఏరి తింటున్న బియ్యం. ఏమేం తినకూడదో అంతా మరిచిపోయి, మనం తినేదాన్నే గుర్తుపెట్టుకున్నారు చూడు అని బులోర్ అప్పట్లో ఓషేర్‌తో అంది. మొదటి ఏడు కొత్తిమీర దట్టించి పచ్చగా వండిన అన్నం పళ్ళెంలో పెట్టి ముందుకి జరిపితే ఆ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని, "నాకొద్దండీ, ఈ వారం మేం బియ్యం తినం" అంది, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరి నోళ్ళలో బియ్యం ఉండగా. మజోల్ వదులుతుందా? "సాసేజి తిన్న నోటికి మా అన్నం మైలైపోయిందా అమ్మాయ్?" అంది. జేన్యా చెవులదాకా ఎర్రబడి, "సాసేజి మా అమ్మమ్మ పోయాక మొదలెట్టారండీ" అంది. అందరూ గొల్లుమన్నారు. బులోర్ నవ్వలేదు. ఏరిన చేతులు నొప్పి పెడుతున్నాయి, ఆ నొప్పిని పళ్ళెంలో పెట్టి ఇస్తే వద్దంది. అప్పటినుంచీ ఏటా ఆ పిల్లకి ఎనిమిది రోజులూ బంగాళాదుంపలు. ఉడకబెట్టినవి, వేయించినవి, మెదిపినవి. కోపంతోనే వండుతుంది, కానీ వాటిలో నెయ్యి కాస్త ఎక్కువే పడుతుంది, కోపంలో చెయ్యి నిలవదు కదా.

ఎండ గోడ దిగి తప్చాన్ సగానికి వచ్చింది. ఎండలో అన్ని గింజలూ కాసేపు గోధుమ రంగులోనే ఉన్నాయి. కళ్ళు మూసి తెరిచింది. దుప్పటి మీద బియ్యం లేదు, ఉదయపు మంచులాంటి తెల్లటిదేదో పరుచుకుని ఉంది, అందులో అక్కడక్కడా నీడలు. ఏ నీడ మీద వేలు పెట్టినా బియ్యమే. చాలు అనిపించింది. చాలు అన్న మాట ఇంత బరువుగా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలీదు. వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

"అత్తయ్యా, టీ తెచ్చాను. ఇక్కడే నిలబడ్డాను, దగ్గరికి రాలేదు." జేన్యా చేతిలో పియాలాతో కుళాయి పక్కన ఆగింది. పెళ్ళయిన ఏడు పియాలాతో తిన్నగా తప్చాన్ దాకా వచ్చేసి చీవాట్లు తిన్నది, మళ్ళీ ఎన్నడూ ఆ కుళాయి దాటలేదు.

"అది అక్కడే పెట్టి, చేతులు తుడుచుకుని ఇలా రా."

"నేనా?"

"నువ్వే. ఇంకెవరున్నారిక్కడ, మీ అమ్మమ్మా?"

జేన్యా గౌనుకి ఒకసారి, తువ్వాలుకి ఒకసారి చేతులు తుడుచుకుని, చెప్పులు వదిలి, పాము ఉందన్న గదిలోకి వచ్చినట్టు వచ్చి తప్చాన్ అంచున కూచుంది. బులోర్ బియ్యం వంకే చూస్తూ, "ఇందులో ఒక గోధుమ గింజ ఉంది. వెతికి పెట్టు. నాకు కనబడటం లేదు" అంది.

"కనబడకపోతే, ఉందని ఎలా తెలిసింది అత్తయ్యా?"

"నేనే వేశాను."

జేన్యా తలెత్తింది. నవ్వి ఉంటే బాగుండేది. బాల్వాడీలో పడి మోకాలు చెక్కుకుపోయిన పిల్లని చూసినట్టు చూసింది, ఆ చూపు మాత్రం బాగానే కనబడింది. "కనబడుతుందో లేదో చూద్దామని వేశారా?" అంది మెల్లగా. బులోర్ తల ఊపింది. తర్వాత ఏదో గుర్తొచ్చి, "నీకు పాపమేమో. ఈ వారం మీరు బియ్యం ముట్టరు కదా" అంది.

"అమ్మమ్మ తినొద్దంది అత్తయ్యా, ముట్టుకోవద్దనలేదు," అని జేన్యా ముందుకి వంగింది.

చిన్న చేతులు. గోళ్ళు పొట్టిగా కత్తిరించినవి. వేలితో నెట్టడం తెలీదు ఈ పిల్లకి, చీమల్ని లెక్కపెడుతున్నట్టు ముఖం కిందికి దించేసింది, జడ వచ్చి బియ్యంలో పడుతుందేమోనని బులోరే దాన్ని పట్టుకుని వెనక్కి వేసింది, వేశాక చెయ్యి అక్కడే ఆ పిల్ల వీపు మీద ఉండిపోయింది. అటువైపు వాడలో ఎవరో కళాయి వేస్తున్నారు, నవాసారం పొగ వాసన. నిద్ర వచ్చింది, పట్టపగలు, బియ్యం ముందు. నిద్రలోనో మెలకువలోనో అత్తగారు దుప్పటి అంచు లాగుతోంది. "ఇదిగో," అంది జేన్యా. అరచేతిలో పెట్టింది. బులోర్ వేళ్ళ మధ్య నలిపింది. ఉందో లేదో అన్నట్టు గాడి తగిలింది. ఒళ్ళంతా వదులైపోయింది, జల్లెడలోంచి పిండి జారినట్టు. అంతే, అయిపోయింది, కనీసం వేసింది బయటికి వచ్చింది, ఇక దుప్పటి నాలుగు మూలలూ పట్టి మూట కట్టెయ్యడమే, చేతులు దుప్పటి అంచుల మీదికి పోయాయి కూడా.

"అత్తయ్యా, ఎన్ని వేశారు?"

"ఒకటే."

"మరి ఇదేమిటి?"

రెండో గింజ సాసరులో పడి చిన్న చప్పుడు చేసింది. బులోర్ దాన్ని తీసుకోలేదు. తీసుకుని నలపక్కర్లేదు. తను వేసింది ఒకటి దొరికింది, తను వెయ్యనిది ఒకటి, మూడుసార్లు ఏరినా, తన కంటి కింద నుంచి, తన వేలి కింద నుంచి, దర్జాగా మూడుసార్లూ నడిచి వెళ్ళింది. అంటే పోయినేడు? అంతకు ముందేడు? వేలు బాగానే ఉందనుకున్న ఆ రెండేళ్ళు? బల్ల చుట్టూ ఉన్న నోళ్ళన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తెరుచుకున్నాయి, పళ్ళు రాని నోళ్ళు, పళ్ళు ఊడిన నోళ్ళు, అన్నీ తన మాట మీద తెరిచినవే. పిడుగు పడుతుందేమో అనుకుంది. పడలేదు. నడుంలో మేకు అలాగే ఉంది, కాలు తిమ్మిరెక్కింది, అంతే. పాపం చేసినవాళ్ళకి ఒళ్ళు ఇలాగే నొప్పి పెడుతుందా, లేక ఇది వట్టి సున్నం నొప్పేనా.

జేన్యా గొంతు తగ్గించింది. "నేను ఏరతాను అత్తయ్యా. మొదట్నుంచీ. మీరు ఇక్కడే పక్కన కూచోండి. మీరు ఏరినట్టే ఉంటుంది. ఎవరికి తెలుస్తుంది?" అంది. ఎంత హాయిగా ఉందో ఆ మాట. ఏటా ఈ పిల్ల ఏరుతుంది, తను పక్కన కూచుని కళ్ళు చిట్లిస్తుంది, చుట్టాలు తింటారు, బియ్యంలో గోధుమ ఉండదు, పేరు పేరుగానే ఉంటుంది. దోషం కూడా లేదు, వెతికి చూస్తే. బులోర్ వెతికి చూసింది, నిజంగానే కనబడలేదు, కానీ ఇప్పుడు తనకి కనబడనివి చాలా ఉన్నాయి కదా.

అప్పుడే వీధి తలుపు కిర్రుమంది. మజోల్ ఎప్పుడూ తలుపు తట్టదు. పూల రుమాలు తలకి చుట్టుకుని, చేతి సంచీతో కుళాయి దగ్గరికి వచ్చి నిలబడింది. "ఏమే బులోరూ, అయిందా?" అంది.

జేన్యా చేతులు దుప్పటి మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, మొదటి ఏడు అన్నం పళ్ళెం ముందు పెట్టుకున్నట్టే. బులోర్ నోరు తెరిచింది. అయింది అన్న మాట నాలుక మీద సిద్ధంగా ఉంది, అరిగిపోయి నున్నగా. అది అనేస్తే ఇవాళకి ఒడ్డున పడినట్టే. కానీ వచ్చే ఏడు మళ్ళీ అనాలి, అనడానికి ముందు కూచోవాలి, మెడ వంచాలి, కళ్ళు చిట్లించాలి, ఈ పిల్ల వేళ్ళ వెంట తన వేళ్ళు కదపాలి, ఎవరైనా వస్తే దగ్గాలి. అబద్ధానికి కూడా ఓపిక ఉండాలి. ఉన్నదంతా గోడలకి కొట్టేసింది.

"నాకు కళ్ళు ఆనడం లేదు వదినా," అంది.

మజోల్ సంచీ కింద పెట్టింది. "ఈ ఏడా?"

"రెండేళ్ళయింది."

ఆప్రికాట్ రేకులు రెండు మూడు రాలాయి. ఎవరూ తియ్యలేదు. మజోల్ రుమాలు సర్దుకుంది, సర్దుకోవడానికేమీ లేకపోయినా. "పోయినేడు నాకు పంటి కింద ఒకటి తగిలింది," అంది.

"ఏమిటది?"

"ఏదో. ఎండుద్రాక్ష గింజ అనుకున్నాను."

"కొత్తిమీర అన్నంలో ఎండుద్రాక్ష ఎందుకు వేస్తాను వదినా?"

"వెయ్యవు. నాకు తెలీదా ఏం." మజోల్ చెప్పులు విడవడానికి వంగి, వంగినంత సేపూ మాట్లాడుతూనే ఉంది. "మింగేశాను. ఏం చెయ్యమంటావ్? అంతమంది పిల్లలు పళ్ళాల ముందు కూచుని ఉంటే లేచి నిలబడి చెప్పమంటావా? చెప్తే ఎనిమిది రోజులూ ఏం తింటారు వాళ్ళు, నా మాటలా? ఆ లెక్కేదో నేనూ దేవుడూ తేల్చుకుంటాం, నువ్వు మధ్యలోకి రాకు. అమ్మాయ్, జరుగు. ఏదీ, ఎక్కడిదాకా వచ్చావ్? అదేం ఏరడం, కోడి గీరినట్టు. మొదట్నుంచీ, పద. ఆ ఉంగరం తియ్యి, దాని సందులో గింజ ఇరుక్కుంటుంది."

"మీకు కనబడుతుందా పెద్దత్తయ్యా?" అంది జేన్యా.

"నాకు కనబడకపోతే ఈ వాడలో అందరి తప్పులూ ఎవరు చూస్తున్నారనుకున్నావ్?"

ఇద్దరి మధ్యా చోటు చాలక బులోర్ కిందికి దిగింది. ఎవరూ దిగమనలేదు, ఉండమనీ అనలేదు. తిమ్మిరెక్కిన కాలు కాసేపు వేరే ఎవరిదో కాలులా నడిచింది. లోపల గదిలో సున్నం వాసన, కడిగిన నేల చల్లదనం. పరుపు పరిచి లేదు, కడిగిన కార్పెట్ చుట్టచుట్టి గోడకి ఆనించి ఉంది, దాన్ని కాలితో దొర్లించి పరిచి దాని మీదే నడుం వాల్చింది. మేకు ఒక్కసారి కలుక్కుమని, ఆ తర్వాత మెల్లగా వదిలింది. కిటికీలోంచి ఎండ, ఎండలో దుమ్ము, దుమ్ములో ఏముందో ఏరవలసిన పని లేదు. బయట బియ్యం దుప్పటి మీద పరిచిన సరసర. తర్వాత మజోల్ గొంతు, "ఇది గోధుమే." జేన్యా గొంతు, "కాదండీ, చూడండి, మాగిపోయిన బియ్యపు గింజ." "నాకు నేర్పుతావా? నువ్వు తినవు కాబట్టి నీకేదైనా ఒకటే." "తినను కాబట్టే చెప్తున్నాను, నాకు తొందర లేదు." అదేమిటో తేల్చడం తనకి తెలుసు. మాగిన గింజయితే కొరికితే పిండిలా రాలుతుంది, గోధుమయితే సాగుతుంది, వేలికి చిక్కకపోయినా పంటికి చిక్కుతుంది, చెబుదామా అనుకుంది. ముందు పిలవనీ. ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు, బులోరూ అనో, అత్తయ్యా అనో, ఇలా వచ్చి ఇదేమిటో చెప్పు అంటారు, ఇన్నేళ్ళ చెయ్యి కదా. పిలుస్తారని కాసేపు చూసింది. బయట మాటలు తగ్గి గింజల చప్పుడే మిగిలింది. ఇంకాసేపు చూద్దాం అనుకుంటూండగానే నిద్రపట్టేసింది.